గార్డమ్మ ఊపని పచ్చ జెండా

ప్లాను చాలా చిన్నది. పది గంటలకు సారు వస్తారు. పదీ పావుకు పిల్లలు రైలెక్కుతారు. పదిన్నరకు దిగుతారు. పదకొండుకు పిల్లల్ని తీసుకెళ్ళే తల్లులు వచ్చేలోగా సారు బిస్కెట్లు తిని వెళ్ళిపోతారు. పిల్లల బడి పెద్ద మేడమ్ ఈ నాలుగు ముక్కల్నీ నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో చార్టు మీద రాసి, పొద్దున ఏడున్నరకే గోడకు అంటించింది. చార్టు అంటిస్తే పని అయిపోయినట్టే అని నమ్మే జాతి ఒకటుంది. ఆమె ఆ జాతికి పెద్ద దిక్కు. పైనుంచి ఏ కాగితం ఊడిపడినా కళ్ళకద్దుకుంటుంది కాబట్టి వెనకాల అందరూ ఆమెను సర్క్యులరమ్మ అంటారు. ఎదురుగా అనేంత ధైర్యం ఎవరికీ లేదు, ఆయమ్మకు కూడా.

ఆయమ్మ ఆ పొద్దున చీపురు చంకన పెట్టుకుని ఆ చార్టును పైనుంచి కిందికి చదివింది. అయిదో తరగతి వరకు చదివిన మనిషి, రంగుల అక్షరాలు చదవలేకపోదు. చార్టులో ఎక్కడా తన కుర్చీల రైలు లేదు.

ఆ రైలు పుట్టి ఎనిమిది నెలలయింది. వాన కురిసి, బయటికి వదలడానికి లేక, ఇరవై ఇద్దరు పిల్లలు ఒకరినొకరు కొరుక్కుంటున్న రోజది. సర్క్యులరమ్మ ఆఫీసు గదిలో తలుపేసుకుని తల పట్టుకుంది. ఆయమ్మ పొట్టి కుర్చీల్ని వరసగా పెట్టి, "రైలొచ్చింది, ఎక్కేవాళ్ళు ఎక్కండర్రా" అంది. అంతే. ఏడుపులు ఆగిపోయాయి. ఆ ఆటకు నియమం ఒకటే. వేలు చూపిస్తే బండి కదలదు. 'ఊ' అంటే కదలదు. ఎక్కడికి వెళ్ళాలో, ఎందుకు వెళ్ళాలో నోటితో పూర్తిగా చెప్పాలి. అప్పుడే గార్డు పచ్చ జెండా ఊపుతుంది. మధ్యలో దిగాలన్నా అదే నియమం. పెద్దవాళ్ళకైనా అదే నియమం. వెనక పెట్టెలో ఎవరైనా నీళ్ళు ఒలకబోస్తే, ఆయమ్మ కూడా తడిగుడ్డ పట్టుకుని నిలబడి, "గార్డమ్మగారూ, నేను వెనక పెట్టెలోకి వెళ్ళాలి, నీళ్ళు తుడవాలి, లేకపోతే పిల్లలు జారిపడతారు" అని విన్నవించుకోవాల్సిందే.

ఆ గార్డమ్మ ఆయమ్మ కూతురి కూతురే. నాలుగేళ్ళు. తల్లి బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి ఆరింటికే వెళ్ళిపోతుంది. పిల్లను చూసుకునేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. అందుకే అమ్మమ్మతో బడికి వస్తుంది. బడిలో ఆ పిల్ల సీటు పోతే అమ్మమ్మ ఇంట్లో కూర్చోవాలి, అంటే అమ్మమ్మ ఉద్యోగం పోయినట్టే. ఆ సీటు ఇప్పుడు వెంట్రుక మీద వేలాడుతోంది.

ఎందుకంటే భాషా నైపుణ్యాల పరీక్ష అనేదొకటి వచ్చింది. పన్నెండు బొమ్మలు. సర్క్యులరమ్మ ఒక్కో బొమ్మ చూపించి, "ఇదేమిటి? ఇదేమిటి?" అని అడిగింది. కుర్చీల రైల్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే గార్డమ్మ ఆ బొమ్మల కేసి చూసి, మేడమ్ కేసి జాలిగా చూసి, పెదవి విప్పలేదు. పన్నెండుకు సున్నా.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ పిల్ల అడిగింది. "అమ్మమ్మా, మేడమ్‌కి కుక్కంటే తెలీదా?"

"ఎందుకు తెలీదే, తెలుసు."

"మరి నన్నెందుకు అడిగింది?"

ఈ ప్రశ్న మేడమ్‌కు తట్టలేదు. సర్క్యులర్ రాసినవాళ్ళకూ తట్టలేదు. తెలిసిన పెద్దమనిషి తెలియనట్టు నటిస్తూ నిలబడితే, పిల్ల ఆ నాటకంలో ఎందుకు చేరాలి? రైల్లో అలా కాదు. ఎవరెక్కడికి పోతారో గార్డుకు నిజంగానే తెలియదు. అందుకని అడుగుతుంది. అడిగినందుకు చెబుతారు. ఇంత చిన్న సంగతి కనిపెట్టడానికి డిగ్రీలు అడ్డొస్తాయి కాబోలు.

సున్నా వచ్చినవాళ్ళకు అధికారి ఎదుట మరొక్క అవకాశం ఉంటుంది. అప్పుడూ సున్నా వస్తే పేరు ఎర్ర సిరాతో కొట్టేస్తారు. ఆ అధికారే ఈ పది గంటల సారు.

అంతకు రెండు వారాల ముందు ఎనిమిది పేజీల కాగితం వచ్చింది. 'రైలు ఆట ద్వారా శిశువుల భాషా నైపుణ్యాల వికాసం.' పైన ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళు రైలు ఆటను కనిపెట్టారన్నమాట. అది చదవగానే సర్క్యులరమ్మ చేసిన మొదటి పని కుర్చీల రైలును నిషేధించడం.

"ఏంటి మేడమ్, రైలు ఆట ఆడించమన్నారు కదా?" అంది ఆయమ్మ.

"ఆడించమన్నారు. నీది కాదు. నీది అనధికార రైలు. ఇందులో ఇంజనుకి కొలతలున్నాయి. పిల్లలు మాట్లాడాల్సిన వాక్యాలు కూడా ఇచ్చారు. నువ్వు నీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడిస్తున్నావు."

"వాళ్ళ ఇష్టమొచ్చినట్టు మేడమ్."

"అదే నేను చెప్పేది."

అలా ఇరవై ఇద్దరు పిల్లలకు ఇరవై రెండు వాక్యాలు పంచారు. 'బత్తాయిలు కొనడానికి మా పెదనాన్న దగ్గరికి పోతున్నా, ఆయన మీసం గుచ్చుకుంటుంది' అని రోజూ చెప్పే రెండు జడల పిల్లకు 'రైలు పట్టాలపై వేగముగా పయనించును' అని ఇచ్చారు. గార్డమ్మకు 'రైలు మనకు ఎంతో ఉపయోగకరమైన ప్రయాణ సాధనము' వచ్చింది. పది రోజులు వల్లె వేయించారు. గార్డమ్మ పది రోజులూ కిటికీలోంచి కాకుల్ని చూసింది.

ఇక ఇంజను. అయిదడుగుల వెడల్పు గది, దానికి ముందు అడుగున్నర లావున గొట్టం, కింద నాలుగు చక్రాలు, అన్నీ ప్లైవుడ్డే. వడ్రంగి మేస్త్రీ పొద్దున ఎనిమిదింటికి ముక్కలు మోసుకొచ్చి తరగతి గదిలోనే బిగించాడు. గది గుమ్మం మూడడుగులు. కొలతలు రాసినవాళ్ళకు గుమ్మాలు ఉంటాయని తెలియదు. వాళ్ళు ఎటునుంచి లోపలికి వెళతారో మరి.

ఆయమ్మ ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి చక్రాలు చూసింది.

"మేస్త్రీ, చక్రాలకి ఆపు ఏది?"

"లేదక్కా. నేనూ అడిగాను. కాగితంలో లేదంట, పెట్టొద్దంది మీ మేడమ్."

"మేడమ్, ఈ గది నేల వాలు మేడమ్. రోజూ కడిగేదాన్ని నేను. నీళ్ళు పోస్తే తిన్నగా గుమ్మం దగ్గరికే పోతాయి. ఇది కూడా అలాగే పోతుంది."

సర్క్యులరమ్మ కాగితం తిరగేసింది. ఎనిమిది పేజీలూ వెతికింది. "వాలు గురించి ఇందులో ఏమీ లేదు" అంది, నేల అబద్ధమాడుతున్నట్టు.

ఆయమ్మ పెరట్లోంచి రెండు ఇటుకలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. మేస్త్రీ టీ తాగొస్తానని రంపం సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తొమ్మిదీ యాభై అయిదుకు గేటు దగ్గర కారు ఆగిన చప్పుడు వినగానే సర్క్యులరమ్మ కళ్ళు ఇటుకల మీద పడ్డాయి.

"అయ్యో, ఇటుకలేంటి అసహ్యంగా! తీసెయ్ తీసెయ్!" అని తనే వంగి రెండిటినీ లాగి కర్టెను వెనక్కి తోసింది. ఇంజను మెల్లగా కదిలింది. అప్పుడు ఆమె బుర్రలో ఒక మెరుపు మెరిసింది. జలుబు చేసిన బాబొకడు దగ్గరలో నిలబడి ఉన్నాడు. వాడి రెండు చేతుల్నీ తీసి ఇంజను వెనకనున్న పిడి మీద పెట్టి, "కన్నా, ఇది గట్టిగా పట్టుకో. వదలకూడదు. నేను చెప్పేదాకా వదలకూడదు" అంది. బాబు తలూపాడు. ఒక ప్రభుత్వ కార్యక్రమపు మొత్తం బరువు, జలుబు చేసిన నాలుగేళ్ళ వాడి చేతుల మీద పడింది. ఆయమ్మ ఇటుకల కోసం కర్టెను వైపు నడిచింది గానీ, "నువ్వు మూలకెళ్ళి నిలబడు, సారు వస్తున్నారు" అన్న గద్దింపుతో ఆగిపోయింది.

సారు వచ్చారు. అప్పటికే రెండు బడులు చూసి వచ్చారు. రెండు చోట్లా రెండేసి గ్లాసుల కూల్‌డ్రింకు తాగించారు. సర్క్యులరమ్మ ఆ రెండు బడులకూ తీసిపోకూడదని పెద్ద స్టీలు గ్లాసుతో నిమ్మరసం ఇచ్చి, అడుగు కనిపించేదాకా పక్కనే నిలబడింది. తర్వాత సారు భాష గురించి ఉపన్యాసం మొదలెట్టారు.

"భాష అనేది భావ వ్యక్తీకరణకు ఒక సాధనం. భావ వ్యక్తీకరణ అనేది సమగ్ర వికాసానికి ఒక సోపానం. సమగ్ర వికాసం అనేది..."

ఒక్క పిల్ల కూడా ఆయన వైపు చూడటంలేదు. భాష అంటే ఇతరులకు అర్థమయ్యేలా చెప్పడమని పావుగంటసేపు ఎవరికీ అర్థం కాకుండా చెప్పారాయన. జలుబు బాబు మాత్రం పిడి వదలకుండా ప్రాణాలుగ్గబట్టి నిలబడ్డాడు. ముక్కు కారింది. ఎగబీల్చాడు. మళ్ళీ కారింది. పై పెదవి దాటింది. ఇక లాభంలేదని ఒక చేయి తీసి తుడుచుకున్నాడు. రెండో చేయి ఒక్కటే ఆ బరువును ఆపలేదు.

ఇంజను కదిలింది. ఆయమ్మ రోజూ పోసే నీళ్ళు ఏ దారిన పోతాయో సరిగ్గా ఆ దారినే పోయింది. ముందున్న గొట్టం గుమ్మంలోంచి వరండాలోకి దూసుకుపోయింది. వెనకనున్న అయిదడుగుల గది మూడడుగుల ద్వారబంధంలో, సీసాకు బిరడా కొట్టినట్టు ధడాలున బిగుసుకుంది. పైనుంచి సున్నం రాలింది.

గదికి ఇంకో తలుపు లేదు. కిటికీలకు ఇనుప ఊచలు. మేడమ్ ఫోను ఆఫీసు గదిలో, సారు ఫోను కారులో, ఆయమ్మ ఫోను వంటగదిలో వేలాడే సంచిలో.

"ఏమిటిది?" అన్నారు సారు.

తప్పు జరిగిందని ఒప్పుకుంటే అక్కడితో పోయేది. కానీ ఆ మాట అనడానికి సర్క్యులరమ్మ నాలుక తిరగదు. "ఇది... కార్యక్రమంలో భాగమే సార్. రైలు సొరంగంలోకి ప్రవేశించింది" అంది.

"ఓహో, సొరంగం. బావుంది" అని సారు కాగితంలో రాసుకున్నారు. కొలతల కాగితం రాసినవాళ్ళలో ఆయనా ఒకడు. సొరంగం ఉందో లేదో ఆయనకూ గుర్తులేదు.

పిల్లలకు మాత్రం అంతా స్పష్టంగా అర్థమైంది. బండి బయల్దేరింది. ఎవరూ చెప్పకుండానే పొట్టి కుర్చీలు లాక్కొచ్చి ఇంజను వెనక వరసగా వేసుకుని కూర్చున్నారు. గార్డమ్మ అమ్మమ్మ కొంగున కట్టిన రెండు గుడ్డముక్కలు, ఎర్రదీ పచ్చదీ, విప్పుకుని ఇంజను గదిలో దూరి గొట్టం నోటి దగ్గర కూర్చుంది. ఆ గొట్టమొక్కటే ఇప్పుడు గదిలోంచి బయటికి దారి.

"ఎక్కడికి?" అంది గార్డమ్మ.

"మా పెదనాన్న దగ్గరికి. బత్తాయిలు కొనాలి. ఆయన మీసం గుచ్చుకుంటే మాత్రం వెంటనే తిరిగొచ్చేస్తా" అంది రెండు జడల పిల్ల.

"నేను ఆసుపత్రికి వెళ్ళాలి. ముక్కు ఆగట్లేదు. ఇంజను నేను కావాలని వదల్లేదు" అన్నాడు జలుబు బాబు, కళ్ళనిండా నీళ్ళతో.

"సరే, నువ్వు కిటికీ పక్కన కూర్చో" అని గార్డమ్మ వాణ్ణి ఊరడించింది.

ఒకరి తర్వాత ఒకరు గడగడా చెప్పుకుపోతున్నారు. సారు ఒక్కొక్కరి పేరు పక్కనా సున్నా వేసుకుపోతున్నారు. ఆయన చేతిలోని పట్టికలో బత్తాయిలు లేవు, మీసం లేదు. 'వేగముగా పయనించును' ఎవరూ అనలేదు. చివరికి ఆయన గార్డమ్మ దగ్గరికి వచ్చి, కుక్క బొమ్మ ముఖం ముందు పెట్టి, "ఇదేమిటి?" అన్నారు.

గార్డమ్మ కుక్కను చూసింది. సారును చూసింది. ఇంత వయసొచ్చిన మనిషికి కూడా తెలియదా అన్నట్టు జాలిగా నిట్టూర్చింది. అంతే. మాట లేదు.

"రెండోసారి కూడా సున్నా. మాటలు రాని పిల్ల. తొలగించాలి" అని సారు ఎర్ర సిరా పెన్ను తీసి పేరు మీద అడ్డంగా గీత గీశారు.

ఆయమ్మ మూలనుంచి ముందుకొచ్చింది. "సార్, అదేంటి సార్! ఇప్పుడే కదా అంతమందితో మాట్లాడింది, మీరు విన్నారు కదా!"

"అది లెక్కలోకి రాదు. అయినా పరీక్ష జరిగేటప్పుడు ఆయాలు మాట్లాడకూడదు. తెలియదా?"

"ఆయా, నోరు మూసుకో" అంది సర్క్యులరమ్మ.

ఆయమ్మ నోరు మూసుకుంది. కొంగు బిగించి, మూలకు వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడింది.

సరిగ్గా అప్పుడే నిమ్మరసం, నాలుగు గ్లాసుల కూల్‌డ్రింకూ ఒక్క కట్టుగా సారును పిలిచాయి. ఆయన ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకున్నారు. సర్క్యులరమ్మ వైపు వంగి, "కొంచెం... ఇక్కడ ఆ... సదుపాయాలు ఎలా ఉన్నాయి?" అన్నారు.

"అన్నీ ఉన్నాయి సార్! మంచినీటి సదుపాయం చూడండి" అని ఆమె కూజాలోంచి పెద్ద గ్లాసు నింపి చేతికిచ్చింది. పెద్దమనిషి కాదనలేక తాగారు.

అయిదు నిమిషాలు గడిచాయి. సారు నుదుట చెమట పట్టింది. "ఈ సొరంగం ఎప్పుడు ముగుస్తుంది?" అన్నారు.

"అంటే... సార్..." అని సర్క్యులరమ్మ నసిగింది. అప్పటికి గాని ఆయనకు బిరడా సంగతి బోధపడలేదు. పరుగులాంటి నడకతో గొట్టం దగ్గరికి వెళ్ళారు. ముఖానికి అడ్డంగా ఎర్ర జెండా వచ్చింది.

"ఎక్కడికి వెళ్ళాలి?" అంది గార్డమ్మ. ఈసారి ఆమెకు నిజంగానే తెలియదు.

"తప్పుకో పాపా."

"తప్పుకో అంటే ఊరు కాదు. ఎక్కడికి? ఎందుకు?"

"ఒక అత్యవసర పరిశీలన ఉంది."

గార్డమ్మ ప్రయాణికుల వైపు తిరిగింది. "అది ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?" ఎవరికీ తెలియదు. "ఆ స్టేషను మా దారిలో లేదు. కూర్చోండి" అని తీర్పు చెప్పింది.

సారుకు ఓపిక నశించింది. జెండాను పక్కకు నెట్టి, బోర్లా పడుకుని, గొట్టంలో తల దూర్చారు. తల వెళ్ళింది. భుజాలు వెళ్ళాయి. పొట్ట దగ్గర రైలు ఆగిపోయింది. నాలుగేళ్ళ పిల్లల కోసం కొలిచిన గొట్టం అది. కొలిచినవాళ్ళలో ఆయనా ఒకడని ఇందాకే చెప్పుకున్నాం.

వరండాలో మేస్త్రీ టీ తాగి తిరిగొచ్చాడు. ఇంజను ముందు భాగంలోంచి చెమటలు కారుతున్న అధికారి తల ఒకటి బయటికి పొడుచుకు రావడం చూసి, గౌరవంగా రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం సార్. కొలతలు సరిపోయాయా సార్?"

"లాగు! ముందు లాగు!"

మేస్త్రీ చేతులు పట్టుకుని లాగాడు. చొక్కా చిరిగింది గానీ మనిషి రాలేదు. "రంపం ఉంది సార్, కోసేదా?"

"వద్దు! లోపల నా నడుముంది!"

"అయితే వెనకనుంచి తొయ్యాలి సార్. నేను ముందునుంచి ఎంత లాగినా లాభంలేదు."

ఈలోగా పదకొండయింది. పిల్లల కోసం వచ్చిన తల్లులు వరండాలో ఒక్కొక్కరే పోగయ్యారు. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి వాళ్ళు పడుతున్న కష్టం మాత్రం కొంగులు నోట్లో కుక్కుకోవడంలో తెలుస్తోంది.

లోపల సర్క్యులరమ్మ సారు కాళ్ళు పట్టుకుని తోసింది. బూటు ఊడి చేతికొచ్చింది. "పిల్లలూ, తొయ్యండి! అందరూ తొయ్యండి!" అని అరిచింది. ఇరవై ఒక్క మంది పిల్లలు గార్డు వైపు చూశారు. గార్డు చేతిలో ఎర్ర జెండా ఉంది. ఎవరూ కదల్లేదు.

"ఆయా! చెప్పవే నీ మనవరాలికి!"

"పరీక్ష జరుగుతున్నప్పుడు ఆయాలు మాట్లాడకూడదంట మేడమ్" అంది ఆయమ్మ. "అయినా నేనైనా గార్డునడిగే పోవాలి. నా మాట అది వినదు. సారునే అడగమనండి. ఎక్కడికో, ఎందుకో. రెండే ముక్కలు."

గార్డమ్మ సారు నడుముకూ గొట్టానికీ మధ్యనున్న సందులో నోరు పెట్టి పెద్దగా అడిగింది. "సారూ! వినపడుతోందా? ఎక్కడికి వెళ్ళాలి?"

"శారీరక... సహజమైన... ఒక అనివార్య కారణం చేత..."

"అర్థం కాలేదు! మామూలుగా చెప్పండి!"

"వ్యక్తిగత అవసర నిమిత్తం!"

"ఊహూఁ!"

వరండాలో ఇరవై మంది తల్లులు. ముందు వడ్రంగి. వెనక ఇరవై ఇద్దరు పిల్లలు. ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళలో దాచుకున్న భాష మొత్తం ఆ గొట్టంలో అక్కరకు రాకుండా పోయింది. సారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత వచ్చిన అరుపు వీధి చివరి కొట్టువాడికి కూడా వినిపించింది.

"ఒంటేలుకి వెళ్ళాలమ్మా! ఆగట్లేదు! నిమ్మరసం తాగాను, నీళ్ళు తాగాను, ఇంక నా వల్ల కాదు! తొయ్యి తల్లీ!"

"ఆఁ! ఇప్పుడు తెలిసింది" అంది గార్డమ్మ సంతోషంగా. "ముందే చెబితే అయిపోయేది కదా!"

పచ్చ జెండా లేచింది. ఇరవై ఒక్క గొంతులు 'కూ' అన్నాయి. నలభై రెండు చిన్న చేతులు ఒక్కసారిగా తోశాయి. సారు వరండాలో మేస్త్రీ మీద పడి, లేచి, ఒంటి బూటుతో పరుగు అందుకున్నారు. 'అధికారులకు మాత్రమే' అని రాసిన మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళంచెవి సర్క్యులరమ్మ నడుముకు ఉంది. సర్క్యులరమ్మ బిరడాకు అవతల ఉంది. ఇక మిగిలింది పిల్లల మరుగుదొడ్డి. దాని తలుపు పెద్దవాళ్ళకు మోకాలి దాకా వస్తుంది. సారు అదేమీ లెక్కచేయలేదు.

ప్రయాణికుణ్ణి స్టేషను చేర్చేదాకా గార్డుదే బాధ్యత. ఇది కూడా ఆయమ్మ రైలు నియమమే. గార్డమ్మ గొట్టంలోంచి పాకి వచ్చి, మరుగుదొడ్డికి వీపు తిప్పి నిలబడింది.

"చేరారా?"

"...చేరాను."

"లోపల నీళ్ళున్నాయా?"

"లేవమ్మా. బకెట్టు ఖాళీ."

"అయ్యో. పొద్దున అమ్మమ్మ నింపింది. మేడమ్ ఆ నీళ్ళతో ఇంజను తుడిపించింది, అందుకే లేవు. ఉండండి, కుళాయి దగ్గర మగ్గు పెట్టి తెస్తా. ఎర్ర మగ్గుకి చిల్లి ఉంది, నీలం మగ్గు తెస్తా. అప్పటిదాకా కదలకండి, అక్కడ జారుతుంది. నేను నిన్న పడ్డా."

తెచ్చింది. వీపు వెనకనుంచే తలుపు మీదుగా అందించింది. సబ్బు ఎక్కడుందో చెప్పింది. చేతులు మణికట్టు దాకా తోముకోవాలని చెప్పింది. సారు బుద్ధిగా అన్నీ చేశారు. మరేం చేస్తారు?

ఆయన బయటికి వచ్చేసరికి మేస్త్రీ ఇంజనును నిలువునా కోసేశాడు. గది తెరుచుకుంది. సర్క్యులరమ్మ ఒక చేతిలో బూటు, ఒక చేతిలో ఫైలుతో ఎదురొచ్చింది. అవతల వరండాలో గార్డమ్మ తల్లుల మధ్య స్టూలెక్కి కూర్చుని చెబుతోంది.

"...ముందు సారు అత్యవసరం అన్నారు. అది ఊరు కాదని నేను ఒప్పుకోలేదు. తర్వాత పొట్ట ఇరుక్కుంది. అప్పుడు మేడమ్ కాళ్ళు పట్టుకుని తోస్తే బూటొచ్చింది. తర్వాత సారు ఏమన్నారంటే..."

ఒక్క ముక్క వదలకుండా, జరిగింది జరిగినట్టు, ఎక్కడ గట్టిగా అరిచారో అక్కడ గట్టిగా అరిచి మరీ చెబుతోంది. తల్లులకు కొంగులు చాలడంలేదు.

"ఈ పిల్లేనా సున్నా వచ్చింది?" అన్నారు సారు.

"అవును సార్. రెండుసార్లు. రెండోది తమరే వేశారు" అంది ఆయమ్మ.

"ముందు ఆ పిల్లని ఆపించండి."

"ఆయా, నోరు మూసుకోమను నీ మనవరాలిని!" అంది సర్క్యులరమ్మ.

"అదేంటి మేడమ్! పది రోజులుగా నోరు తెరవవే అని బతిమాలింది మీరే కదా. తెరిచింది." ఆయమ్మ సారు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "సార్, తమరు పేరు కొట్టేశారు. రేపటినుంచి అది ఇంటి దగ్గరే ఉంటుంది. మాది ఇరుకు వీధి. ఎనభై గడపలుంటాయి. దానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేరే పనుండదు. గడప గడపకీ వెళ్ళి చెప్పుకుంటుంది. బడిలో ఉంటే రైలు నడిపించుకోవాలి, తీరిక దొరకదు. మీ ఇష్టం."

సారు చాలాసేపు ఆలోచించలేదు. ఫైలు లాక్కుని, ఎర్ర గీత మీద నీలం సిరాతో నాలుగుసార్లు దిద్ది, పన్నెండుకు పన్నెండు వేశారు. 'అసాధారణ వాగ్ధాటి' అని పక్కన రాశారు. మిగతా పిల్లల సున్నాల వైపు ఆయమ్మ ఊరికే అలా చూసింది. ఆయన వాటినీ దిద్దారు. తర్వాత ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని కారెక్కారు. బిస్కెట్లు అలాగే ఉండిపోయాయి. పిల్లలు తిన్నారు.

మర్నాటి నుంచి మళ్ళీ కుర్చీల రైలే. అధికారిక ఇంజను ముక్కలైపోయింది కాబట్టి అనధికార రైలుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. సారు వెళ్ళిపోయిన ఆ మధ్యాహ్నం ఆయమ్మ గదిలో రాలిన సున్నం కడుగుతోంది. నీళ్ళు ఎప్పటిలాగే గుమ్మం వైపు పోతున్నాయి. సర్క్యులరమ్మ కుర్చీలో కూలబడి నివేదిక నింపుతోంది. చివరి పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఆయా, ఇది చూడు. 'ఈ కార్యక్రమం ద్వారా మొట్టమొదటిసారిగా తన అవసరాన్ని పూర్తి వాక్యంలో చెప్పగలిగినవారి సంఖ్య' అంట. ఎంతని వెయ్యను?"

"ఒక్కరే మేడమ్. పిల్లలంతా ముందునుంచీ చెబుతూనే ఉన్నారు."

సర్క్యులరమ్మ ఒకటి వేసింది. కాగితంలో గడి ఉందంటే నింపి తీరాల్సిందే. పక్క గడిలో 'వయసు' అని ఉంది.

ఆయమ్మ తడిగుడ్డ పిండి దులుపుతూ అంది. "రిటైరవడానికి రెండేళ్ళుందని సారు డ్రైవరు చెప్పాడు మేడమ్, లెక్క వేసుకోండి."